కాశీ, బలోచ్, రాఖీగఢీ: డీఎన్‌ఏ రిపోర్టులో ఏది ఎంతవరకు నమ్మాలి

ముందుగా మీరు అడిగింది క్లుప్తంగా రాస్తాను, చదివేవాళ్లకు సందర్భం తెలియాలి కదా. మీది గుంటూరు జిల్లా. ఉమ్మి శాంపిల్ పంపి టెస్టు చేయించుకున్నారు. వంశపు కొమ్మ గుర్తులు తండ్రి వైపు ఎల్-ఎం27, తల్లి వైపు యూ2బీ2 అని వచ్చాయి. రా ఫైలు, అంటే మీ డీఎన్‌ఏ అక్షరాలున్న అసలు ఫైలు, దింపుకుని, ఏ జనంతో ఎంత పోలికో చెప్పే హరప్పావరల్డ్ అనే కాలిక్యులేటర్‌లో వేస్తే సౌత్ ఇండియన్ 58 శాతం, బలోచ్ 34, మిగతాదంతా చిల్లర, ఆ చిల్లరలో పాపువన్ 1. మీ తాతగారేమో మనవాళ్లు కాశీ నుంచి వచ్చారని చెప్పేవారు. ఇప్పుడు మీరు కాశీ వాళ్లా, బలూచిస్తాన్ వాళ్లా, హరప్పా వాళ్లా అన్నది ఒక ప్రశ్న. వెయ్యిమందికి పైగా చూపిస్తున్న 'నాలుగో తరం కజిన్లు' ఎవరన్నది రెండోది.

పన్నెండేళ్లుగా ఇలాంటి ఫైళ్లు చూస్తున్నాను. మొదట మా ఇంట్లోవాళ్లవి, తర్వాత స్నేహితులవి, ఆ తర్వాత పెళ్లిళ్లలో పరిచయమైన వాళ్లవి కూడా. అందరూ కంగారు పడేది ఆ బలోచ్ దగ్గరే, కాబట్టి అక్కడే మొదలుపెడదాం.

హరప్పావరల్డ్ లాంటి కాలిక్యులేటర్ తయారు చేసేటప్పుడు వేలమంది డీఎన్‌ఏను కంప్యూటర్‌కి ఇచ్చి, దీన్ని 16 కుప్పలుగా విడదీయమంటారు. కంప్యూటర్‌కి దేశాలూ తెలియవు, కులాలూ తెలియవు. పోలికలను బట్టి కుప్పలు పోస్తుంది, అంతే. పేర్లు పెట్టేది మనిషి. ఏ కుప్ప ఎవరిలో ఎక్కువగా కనిపిస్తే వాళ్ల పేరు తగిలిస్తాడు. బట్టల కొట్లో చీరల కట్టకి పైనున్న చీర పేరు పెట్టి పిలిచినట్టు. ఒక కుప్ప బలోచ్, బ్రాహుయీ వాళ్లలో ఎక్కువగా కనబడింది కాబట్టి దానికి బలోచ్ అని పేరు. అదే కుప్ప పంజాబీలో ఉంటుంది, గుజరాతీలో ఉంటుంది, తమిళుల్లోనూ ఉంటుంది. నేను చూసిన తెలుగువాళ్ల ఫైళ్లలో చాలావాటికి 30కీ 40కీ మధ్యే వచ్చింది. మీకు 34 వచ్చిందంటే మీరు మామూలు తెలుగువారని అర్థం, బలూచిస్తాన్ నుంచి ఎవరో గుర్రమెక్కి గుంటూరు వచ్చారని కాదు. పక్కనున్న 'సౌత్ ఇండియన్ 58' కూడా స్వచ్ఛమైన స్థానిక వాటా ఏమీ కాదు, దాని లోపల మళ్లీ రెండు మూడు పాత పాయలు కలిసే ఉన్నాయి. పాపువన్ 1ని వదిలేయండి. మన దేశపు అతి పాత జనానికీ, న్యూగినీ దీవిలోని పాపువా వాళ్లకూ ఎన్నో వేల ఏళ్ల కిందట ఒకే మూలం ఉండేది. ఆ దూరపు పోలిక కంప్యూటర్‌కి ఎటూ సర్దుబాటు కాకపోతే అలా ఒక శాతం అక్కడ పడేస్తుంది. రెండు మూడు శాతం దాకా వచ్చిన ఏ అంకె మీదా కథ అల్లకండి. ఈ మాట నేను అనుభవించి చెబుతున్నాను. మొదటిసారి టెస్టు చేయించినప్పుడు మా చిన్నాన్నకు ఒక కంపెనీ రిపోర్టులో ఉత్తర ఐరోపా 3 శాతం అని వచ్చింది. ఆయన ఊళ్లో అందరికీ చెప్పుకున్నాడు. ఏడాది తిరక్కుండా వాళ్లు లెక్క మార్చారు, ఆ 3 శాతం మాయం. 'నా ఐరోపా ఏదిరా' అని ఇప్పటికీ నన్నే అడుగుతాడు.

మరి అసలు పాయలు ఏమిటి? ఇక్కడ మన హైదరాబాద్ పాత్ర పెద్దది. 2009లో అక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్‌కి చెందిన డేవిడ్ రైక్ బృందంతో కలిసి 25 సమూహాలకు చెందిన 132 మంది డీఎన్‌ఏ చూశారు. భారతీయుల్లో చాలామంది రెండు పాత మూలాల కలయిక అని తేల్చారు: ఉత్తరాది పూర్వీకులు, దక్షిణాది పూర్వీకులు. ఉత్తరాది వాటా సమూహాన్ని బట్టి 39 నుంచి 71 శాతం దాకా మారింది. గమనించారా, ఆ కలయిక ఉన్న సమూహాల్లో అది సున్నా అయినవాళ్లూ లేరు, నూరు అయినవాళ్లూ లేరు. 2013లో ఆ కలయిక ఎప్పుడు జరిగిందో లెక్కగట్టారు. ఇప్పటికి సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి మధ్యకాలంలో. అంటే అప్పటిదాకా బాగా కలిసిపోయిన జనం, ఆ తర్వాత ఎవరి కులంలో వాళ్లే పెళ్లిళ్లు చేసుకోవడం మొదలుపెట్టారు.

2019లో బొమ్మ ఇంకా స్పష్టమైంది. మధ్యాసియా, దక్షిణాసియాల నుంచి 523 మంది పురాతన మనుషుల డీఎన్‌ఏతో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. దాని ప్రకారం పాయలు ముఖ్యంగా మూడు. ఒకటి, ఈ నేల మీద అన్నిటికంటే ముందు నుంచీ ఉన్న వేటాడి బతికే జనం. వీళ్లది కలగలవని అస్థిపంజరం ఏదీ దొరకలేదు కాబట్టి లెక్కల్లో అండమాన్‌లోని ఒంగే జనాన్ని బదులుగా వాడుతుంటారు. రెండు, ఇరాన్ ప్రాంతపు పాత జనంతో సంబంధమున్న పాయ. మొదటి పాయ, ఈ రెండోది కలిసి సింధు నాగరికత జనం. మూడు, క్రీ.పూ. 2000–1500 మధ్య ఉత్తరపు గడ్డి మైదానాల నుంచి, అంటే స్టెప్ నుంచి, వచ్చినవాళ్లు. ఈ మూడోది ఉత్తరాదిలో ఎక్కువ, దక్షిణానికి వచ్చేకొద్దీ తగ్గుతుంది, కులాన్ని బట్టి కూడా మారుతుంది. ఇప్పుడు మీ బలోచ్ 34ని మళ్లీ చూడండి. అందులో ఎక్కువ భాగం ఈ రెండో పాయ. 'ఇరాన్' అన్న పేరు చూసి కూడా మళ్లీ అదే పొరపాటు చేయకండి. ఆ పాయ ఇరాన్‌లో వ్యవసాయం మొదలుకాకముందే అక్కడివాళ్ల నుంచి విడిపోయిందని రాఖీగఢీలో దొరికిన ఎముకల మీద జరిగిన పరిశోధనే చెప్పింది.

రాఖీగఢీ అన్నాను కాబట్టి మీ యూ2బీ2 సంగతి. మీరు బహుశా ఎక్కడో చదివే ఉంటారు, హర్యానాలోని హిసార్ జిల్లాలో ఉన్న ఆ సింధు నాగరికత నగరంలో 60కి పైగా ఎముకల శాంపిళ్లు పరీక్షిస్తే ఒక్క స్త్రీ జీనోమ్ (మొత్తం డీఎన్‌ఏ) మాత్రమే దక్కింది. మన ఎండలకి డీఎన్‌ఏ నిలవదు. ఆమెలో స్టెప్ పాయ లేదు. ఆమె తల్లివైపు హాప్లోగ్రూప్ యూ2బీ2. మీదీ అదే. అందుకే 'నేను ఆవిడ వారసుణ్ణా' అని అడిగారు.

వారసులే అయ్యుండొచ్చు, కానీ ఈ గుర్తు ఆ మాట చెప్పదు. హాప్లోగ్రూప్ అంటే ఒక కొమ్మ పేరు. తల్లి నుంచి పిల్లలకు వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏలో 16,569 అక్షరాలుంటాయి. ఎన్నో తరాలకు ఒకసారి ఒక అక్షరం మారుతుంది. ఆ మార్పు జరిగిన స్త్రీ కూతుళ్లు, కూతుళ్ల కూతుళ్లు, అలా ఆడ వరుసలో పుట్టినవాళ్లందరూ అదే గుర్తు మోస్తారు. యూ2బీ2 గుర్తు మొదలైన స్త్రీ రాఖీగఢీ ఆవిడ పుట్టడానికి వేల ఏళ్ల ముందు బతికింది. మీ ఇద్దరూ ఆమె సంతానం. చిరునామాలతో పోల్చుకుంటే, ఒకే జిల్లా పేరు రాసున్న రెండు ఉత్తరాల్లాంటివి మీవి. డోర్ నంబరు ఒకటో కాదో తెలియాలంటే 16,569 అక్షరాలూ చదివే పూర్తి టెస్టు కావాలి. మీరు చేయించుకున్న చిప్ టెస్టు వాటిలో కొన్నింటినే చూస్తుంది. మొత్తం జీనోమ్‌లోనూ అంతే, 300 కోట్ల అక్షరాల్లో ఆరేడు లక్షల చోట్ల మాత్రమే తొంగి చూస్తుంది. ఇంకో మాట. యూ2 కొమ్మలో ఏ, బీ, సీ ఉపశాఖలు దక్షిణాసియాలోనే ఎక్కువ. కాబట్టి మీ అమ్మమ్మ తల్లి, ఆవిడ తల్లి, అలా పైకి వెళ్తే చాలా కాలంగా ఈ ఉపఖండంలోనే ఉన్నారని ధైర్యంగా చెప్పుకోవచ్చు. అంతకు మించి కాదు.

తండ్రి వైపు ఎల్-ఎం27 కూడా అలాంటిదే. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కే వెళ్తుంది. ఎల్ కుటుంబంలో ఎం27 కొమ్మ దక్షిణ భారతంలో బాగా కనిపిస్తుంది, దాని సోదర కొమ్మ ఎం357 పాకిస్తాన్ వైపు ఎక్కువ. ఈ రెండూ విడిపోయింది ఎన్నో వేల ఏళ్ల కిందట. ఇది హరప్పా గుర్తా అంటే, రాఖీగఢీ నుంచి దొరికింది స్త్రీ జీనోమ్, అందులో వై ఉండదు. కాబట్టి ఆవిడ ద్వారా మీ తండ్రి వైపు గురించి ఏమీ తేలదు.

చాలామంది అనుకునేది ఇంకొకటి ఉంది. వై కొమ్మ ఆర్1ఏ వస్తే 'ఆర్యులు', హెచ్ వస్తే 'ఆదివాసులు', ఎల్ వస్తే 'ద్రావిడులు' అని బోర్డులు పెట్టుకుంటారు. 2003లో మన ఆంధ్ర ప్రాంతపు చెంచుల మీద, కోయల మీద ఒక పరిశోధన వచ్చింది. నల్లమల చెంచు మగవాళ్లలో నాలుగో వంతు మందికి ఆర్1ఏ ఉంది. మరోపక్క మన దగ్గర అతి సాధారణమైన హెచ్-ఎం82 ఐరోపాలోని రోమానీ జనంలో బాగా కనిపిస్తుంది, ఎందుకంటే వాళ్ల పూర్వీకులు ఇక్కడి నుంచే వెళ్లారు. ఒక గుర్తుకి కులం లేదు, భాష లేదు. పది తరాలు వెనక్కి వెళ్తే మీ వంశవృక్షంలో 1,024 స్థానాలుంటాయి. వై చెప్పేది అందులో ఒక్కరి గురించి, మైటోకాండ్రియా చెప్పేది ఇంకొక్కరి గురించి. మిగతా 1,022 స్థానాల మాటేమిటి? మనలో మేనరికాల వల్ల అందులో చాలా స్థానాల్లో ఒకే మనిషి మళ్లీ మళ్లీ కూర్చుంటాడు, అది వేరే సంగతి.

ఇక మీ తాతగారి కాశీ. పెద్దల మాట కొట్టిపారేసే మనిషిని కాను నేను. లెక్క చూద్దాం. 400 ఏళ్ల కిందట కాశీ నుంచి ఒక్క మగాయన గుంటూరు సీమకొచ్చి ఇక్కడి అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడనుకుందాం. తరానికి 28 ఏళ్లేసుకుంటే 14 తరాలు. ఆయన వాటా మీలో సగటున 16,384లో ఒక వంతు. ఏ శాతాల పట్టికలోనూ అది కనబడదు, అసలు ఒక్క ముక్క కూడా మిగలకపోవచ్చు. ఆయన మగ వరుసలో తిన్నగా మీదాకా వస్తే మాత్రం వై మారకుండా ఉంటుంది. కానీ ఎల్-ఎం27 ఇక్కడ ఎలాగూ మామూలే కాబట్టి ఈ కొమ్మ పేరొక్కటే చూసి కాశీ అని చెప్పలేం. అలా కాక, ఒక గుంపు మొత్తం కుటుంబాలతో వచ్చి, తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ ఉండిపోయి ఉంటే అది శాతాల్లో కనబడాలి, చుట్టుపక్కల తెలుగువాళ్ల కంటే మీ లెక్క ఉత్తరాది వైపు జరిగి ఉండాలి. మీ అంకెల్లో అలాంటిదేమీ లేదు. కాబట్టి కాశీ నుంచి వచ్చిన గుంపు కథకి ఆధారం కనబడటం లేదు, కాశీ నుంచి వచ్చిన ఒక్క మనిషి కథ మాత్రం అలాగే ఉండొచ్చు. దాన్ని తేల్చాలంటే గయలో పండాల దగ్గరుండే పుస్తకాలు, ఇనాం భూముల వివరాలున్న 1860ల నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టర్, ఇంట్లో పాత దస్తావేజులు తిరగేయడమే మేలు.

దస్తావేజులంటే మా ఇంటి ముచ్చట ఒకటి చెప్పాలి. మా ఊళ్లో మా ఇంటిపేరు వాళ్లు పాతిక గడపలున్నారు. అందరం ఒకే మూలపురుషుడి సంతానమని, పురుడు మైల కూడా పట్టేవాళ్లం. ఆరేళ్ల కిందట నేనూ, వరసకు పెదనాన్న కొడుకయ్యే ఆయనా వై టెస్టు చేయించుకున్నాం. నాది ఎల్, ఆయనది హెచ్. ఆ రెండు కొమ్మలు విడిపోయి నలభై వేల ఏళ్లు దాటి ఉంటుంది! ఆయన మొహం చూడలేకపోయాను. ఎవరి ముత్తవ్వ మీద అనుమానం వస్తుందో అని ఇద్దరికీ టెన్షన్. చివరికి మా నాయనమ్మ చెల్లెలు, తొంభై దాటిన మనిషి, తమలపాకు నములుతూ తేలిగ్గా అనేసింది: 'వాళ్ల ముత్తాత ఇల్లరికం వచ్చాడు కదరా, ఆస్తి కోసం ఇంటిపేరు మార్చుకున్నాడు.' వాళ్ల ఇంట్లో ట్రంకుపెట్టె వెతికితే పాత దస్తావేజులో అల్లుడి పేరు, అతని పాత ఇంటిపేరు కూడా దొరికాయి. ఇల్లరికం, దత్తత మన దగ్గర ఎంత మామూలో మర్చిపోయి, పాశ్చాత్య దేశాల్లో రాసిన గైడ్లు చదివి వై సరిపోలకపోతే గుండె జారిపోనక్కర్లేదు. గోత్రానికీ ఇదే మాట. గోత్రం మగ వరుసలో వస్తుంది కాబట్టి ఒకే గోత్రం వాళ్లందరి వై ఒకటే కావాలి, కానీ టెస్టు చేయిస్తే రెండు మూడు రకాలు తేలడం నేను చాలాసార్లు చూశాను.

కంపెనీ పంపిన మ్యాపులో జిల్లాల మీద రంగులు పులిమి ఉంటే దాన్ని కూడా కొంచెం తగ్గించుకుని చూడండి. పోల్చి చూడటానికి తెలుగువాళ్ల శాంపిళ్లు ఎక్కడివన్నది అసలు ప్రశ్న. ప్రపంచమంతా ఉచితంగా వాడుకునే '1000 జీనోముల ప్రాజెక్టు'లో తెలుగువాళ్లు ఉన్నారు, సుమారు వంద మంది. కానీ వాళ్లంతా బ్రిటన్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లు! శ్రీకాకుళం సవరలూ, పాలమూరు నుంచి వలసపోయే కూలీలూ అందులో ఉండే అవకాశం ఎంతో మీరే ఊహించుకోండి. కంపెనీలు తమ కస్టమర్లను కలుపుకుంటాయి, ఆ కస్టమర్లు కూడా ఎక్కువగా అమెరికాలో ఉన్న మనవాళ్లే. 'మీరు 90 శాతం ఫలానా' అంటే వాళ్లతో పోలిక అని అర్థం.

ఇప్పుడు ఆ వెయ్యిమంది కజిన్లు. కంపెనీ లెక్క ఐరోపా కుటుంబాలను చూసి కట్టింది. అక్కడ ఇద్దరి మధ్య 60 సెంటీమోర్గన్లు (డీఎన్‌ఏ ముక్కల పొడవుకి కొలత) ఉమ్మడిగా ఉంటే నాలుగైదు తరాల వెనకటి ఒక జంట నుంచి వచ్చాయని అనుకుంటారు. మనకేమో రెండు వేల ఏళ్లుగా కులంలోనే పెళ్లి, అందులోనూ మేనరికం. ఒక్క జంట నుంచి కాదు, నలభై దారుల్లో చిన్న చిన్న ముక్కలు వచ్చి చేరతాయి. కాబట్టి మొత్తం అంకె చూడకండి, అతి పొడవైన ముక్క ఎంతో చూడండి. 60 అని చూపించి, లోపల అన్నీ ఏడెనిమిది సెంటీమోర్గన్ల తునకలే అయితే ఆయన మీ కులస్థుడు, అంతే, బంధువెవరో వెతకడం దండగ. అదే ఒక్క ముక్క 40 ఉంటే ఫోన్ నంబర్ అడగండి, ఇద్దరి తాతమ్మల ఊళ్లు పోల్చుకోండి. జెడ్‌మ్యాచ్ సైట్లో 'మీ తల్లిదండ్రులు బంధువులా' అని చూసే పరికరం ఒకటుంది. తెలుగువాళ్లు దాన్ని నొక్కి అవునని రాగానే హడలిపోతారు. మేనత్త, మేనమామ పిల్లలు పెళ్లి చేసుకుంటే బిడ్డ జీనోమ్‌లో సగటున 6.25 శాతం, మేనమామ మేనకోడళ్ల పెళ్లయితే 12.5 శాతం రెండు వైపులా ఒకేలా ఉంటుంది. మీ ఇంట్లో ఎవరి పెళ్లి ఏ వరసో మీకు తెలిసిందే కదా.

ఇలా లోపలి పెళ్లిళ్లు ఎంత గట్టివో 2009 పరిశోధనలోనే ఉంది. ఆంధ్ర వైశ్యులు వందకు పైగా తరాల కిందట ఒక చిన్న గుంపు నుంచి పెరిగారని, ఆ తర్వాత బయటి రక్తం దాదాపు కలవలేదని తేలింది. ఇది చరిత్ర ముచ్చటతో ఆగదు. వాళ్లలో కొందరికి ఒక ఎంజైమ్ లోపం ఉంటుంది. ఆపరేషన్‌కి ముందు కండరాలు వదులు చేయడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ పడితే వాళ్లు చాలాసేపు సొంతంగా ఊపిరి తీసుకోలేరు. అందుకే మత్తు డాక్టర్లు కొందరు ముందే కులం అడుగుతారు. నా వరకు ఈ మొత్తం వ్యవహారంలో నిజంగా పనికొచ్చే సమాచారం ఇదే, బలోచ్ శాతం కాదు.

డబ్బు ఇంకా పెట్టదలిస్తే మీరు మళ్లీ శాతాల టెస్టు చేయించుకోకండి, పెద్దవాళ్లకు చేయించండి. మీ మేనమామ ఉన్నారా? ఆయన ఒక్కరితో మీ అమ్మమ్మ మైటోకాండ్రియా వరుసా దొరుకుతుంది (అది మీకూ ఉందనుకోండి), మీ అమ్మ తండ్రి వైపు వై కూడా దొరుకుతుంది. నాయనమ్మ వరుస కావాలంటే మీ నాన్నగారు గానీ మేనత్త గానీ ఇవ్వాలి, మీలో అది ఉండదు. శాతాల కోసం కాక కొమ్మ కోసం మీకే ఇంకో టెస్టు కావాలంటే మాత్రం మీ వైకి పూర్తి సీక్వెన్సింగ్ టెస్టు, అంటే అక్షరాలు వరుసగా చదివేది, ఎంచుకోండి, ఎల్-ఎం27 కింద ఇంకెన్ని చిన్న కొమ్మలున్నాయో, చివరి కొమ్మలో మీతో ఎవరున్నారో అప్పుడు తెలుస్తుంది. ఆ కొమ్మల పట్టికలో 'ఏర్పడిన కాలం', 'ఉమ్మడి పూర్వీకుడి కాలం' అని రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది ఆ కొమ్మ పక్క కొమ్మ నుంచి విడిపోయిన కాలం, రెండోది ఇప్పుడు బతికున్న ఆ కొమ్మవాళ్లంతా కలిసే మనిషి కాలం. మీకు కావాల్సింది రెండోది.

పెద్దవాళ్లను ఒప్పించేముందు ఒక మాట చెప్పి మరీ చేయించండి. 2023లో 23అండ్‌మీ అనే డీఎన్‌ఏ టెస్టుల కంపెనీ నుంచి 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి, 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. రా ఫైలు మీ దగ్గర దాచుకుని, పని అయ్యాక కంపెనీ దగ్గరున్నది తీసేయమనొచ్చు. అసలు పేరుకు బదులు పొడి అక్షరాలు పెట్టుకోవచ్చు.

శాంపిల్ ఇచ్చే ముందు అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు, కాఫీ కూడా వద్దు. మా మామయ్యది రెండుసార్లు చెడిపోయిందని వాపసొచ్చింది. మూడోసారి పక్కనే కూర్చుని చూస్తే, ట్యూబు మూత తీస్తూనే ఆయన చెయ్యి వక్కపొడి డబ్బా మీదికి పోయింది.